కుదపవద్దు, వంచండి: నూనెకూ నీళ్ళకూ మధ్య అలలు లేపే పద్ధతి

సైన్సు ఫెయిర్‌లో ప్రతి ఏడూ ఏదో ఒక బల్ల మీద నూనె, నీళ్ళు పోసిన సీసా ఉంటుంది. అడుగున నీలం రంగు నీళ్ళు, పైన పొద్దుతిరుగుడు నూనె. ఎవరైనా పెద్దమనిషి వచ్చి ఎదుట నిలబడగానే పిల్లవాడు ఆ సీసాను గడగడా కుదిపేస్తాడు. లోపలంతా నురగ. "ఇవి కలవవు సార్, కాసేపట్లో మళ్ళీ విడిపోతాయి" అంటాడు. ఆయన తల ఊపి పక్క బల్లకు నడుస్తాడు. హనుమకొండలో ఇలాంటి బల్లల ముందు నేనూ చాలాసార్లు తల ఊపి నడిచాను. చూడవలసిన సంగతి ఆ కుదుపులోనే పోయిందని అక్కడ నిలబడి చెప్పే తీరిక ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కలవని రెండు ద్రవాలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటే వాటి సరిహద్దు అద్దంలా నున్నగా ఉంటుంది. పై పొర ఒకవైపు, కింది పొర దానికి ఎదురుగా పారడం మొదలుపెట్టినా కొంత వేగం దాకా ఆ నునుపు చెడదు. వేగం ఒక హద్దు దాటిందా, ఎవరూ తాకకుండానే, కొలిచి గీసినట్టు సమాన దూరాల్లో అలలు లేస్తాయి. ఈ అస్థిరతను 1868లో హెల్మ్‌హోల్ట్జ్, 1871లో కెల్విన్ లెక్కగట్టారు. ఇద్దరి పేర్లూ కలిపి కెల్విన్–హెల్మ్‌హోల్ట్జ్ అస్థిరత అంటారు. దీన్ని కళ్ళతో చూడాలంటే పంపులూ మోటార్లూ అక్కర్లేదు. రెండు పొరలు నింపిన పొడవాటి గాజు పెట్టెను వంచితే చాలు. 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ మూతలు బిగించిన గాజు గొట్టంలో నీళ్ళూ కార్బన్ డైసల్ఫైడూ నింపి చేసింది ఇదే. 1969లో థార్ప్ అనే శాస్త్రవేత్త కలవని ద్రవాలతో పొడవాటి తొట్టిలో ఇదే ప్రయోగాన్ని జాగ్రత్తగా కొలతలు తీసి ప్రచురించాడు. కార్బన్ డైసల్ఫైడ్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది. దాని జోలికి మనం వెళ్ళం. మనకు వంటనూనె ఉంది.

ముందు గాజు గ్లాసుతో

పెట్టె చేయించే ముందు ఇంట్లో ఉన్న గాజు గ్లాసుతో పది నిమిషాల పని చేయండి. కార్తీక మాసంలో గాజు గ్లాసులో సగం నీళ్ళు పోసి, పైన నూనె పోసి, తేలే వత్తి వేసి వెలిగించడం చాలా ఇళ్ళలో చూసే ఉంటారు. వత్తి తీసేసి అదే గ్లాసు తీసుకోండి. మూడోవంతు నీళ్ళు, మూడోవంతు నూనె, పైన ఖాళీ. గ్లాసు మెడకు దారం గట్టిగా చుట్టి, రెండు వైపులా ఉచ్చులు వేసి, కొక్కేనికి వేలాడదీసి మెల్లగా ఊపండి.

నూనె పైతలం దాదాపు కదలదు. దాని కింద నీటి తలం మాత్రం ఎగసెగసి పడుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఓడ ప్రయాణంలో తన గదిలో వేలాడే గ్లాసు దీపంలో ఇదే చూసి ఆశ్చర్యపోయి, 1762లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. కారణం వింతేమీ కాదు. నీళ్ళ మీద గాలి ఉంటే, లేచిన నీళ్ళను కిందికి లాగే బరువు పూర్తిగా పనిచేస్తుంది. నీళ్ళ మీద నూనె ఉంటే, లేచిన నీటి చోటునుంచి అంతే పరిమాణం నూనె కిందికి దిగుతుంది. మిగిలేది రెంటి బరువుల తేడా మాత్రమే. నూనె సాంద్రత 0.92, నీళ్ళది 1. తేడా 0.08, మొత్తం 1.92. అంటే అల వెనక్కి రావడానికి దొరికే బలం ఇరవై నాలుగో వంతు. ఆ అల దాదాపు అయిదింతలు నెమ్మదిగా ఊగుతుంది. నెమ్మదిగా ఊగేదాన్ని నెమ్మది ఊపు తేలిగ్గా రెచ్చగొడుతుంది.

ఈ బరువుల తేడాను గుర్తు పెట్టుకోండి. పెట్టె బల్లపరుపుగా ఉన్నప్పుడు పొరలను అణచి ఉంచేది అదే. పెట్టె వంచగానే నీళ్ళను కిందికీ నూనెను పైకీ తోసి గొడవ మొదలుపెట్టేదీ అదే. కాపలా కాసేవాడే తలుపు తీసినట్టు. ప్రయోగంలో మీరు మార్చే ప్రతి వస్తువునూ ఈ రెండు వైపుల నుంచీ చూడాలి.

పెట్టె చేయించడం

పాత ట్యూబ్‌లైటు గొట్టం వాడదామని చాలామందికి తోస్తుంది. పొడవు సరిపోతుంది, గాజు సన్నగా ఉంటుంది, చెత్తలో ఊరికే దొరుకుతుంది. వద్దు. దాని లోపల పాదరసం ఆవిరి ఉంటుంది, గోడలకు పూసిన పొడి ఉంటుంది. కోయడం, కడగడం రెండూ ప్రమాదమే. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక లెవెల్ పైపు కూడా పనికిరాదు. అది మరీ సన్నం. అందులో నూనె పొరగా పరచుకోదు, ముక్కలు ముక్కలుగా నిలుస్తుంది.

చేపల తొట్లు చేసే దుకాణానికి వెళ్ళండి. వాళ్ళు అయిదు మిల్లీమీటర్ల గాజును కోసి సిలికాన్‌తో అతికిస్తారు. లోపలి కొలతలు ఇలా చెప్పండి: పొడవు 120 సెంటీమీటర్లు, ఎత్తు 5, వెడల్పు 3. ఆరు వైపులా మూసే పెట్టె. "లోపలి కొలతలు" అని రెండుసార్లు చెప్పండి. నా మొదటి పెట్టెలో బయటి కొలతలు వేశారు. వెడల్పు 2 సెంటీమీటర్లే మిగిలి, చివరకు అది అరటి ఆకులు చుట్టబెట్టుకునే పెట్టె అయింది. పై పలకకు ఒక చివర నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పట్టేంత రంధ్రం వేయించండి. రంధ్రం మధ్యలో ఉంటే గాలిని బయటికి పంపడం ఎవరి తరమూ కాదు.

సిలికాన్ ఆరడానికి ఒక రోజు చాలంటారు. మూడు రోజులు ఉంచండి. తర్వాత కింద పాత దినపత్రికలు పరచి, నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి వదిలేయండి. కారితే కాగితం మీద తడి చెబుతుంది. నూనె పోశాక కారితే తెల్లవారేసరికి చాప చెబుతుంది. మా ఇంట్లో ఒక చాప ఇప్పటికీ చెబుతూనే ఉంది.

రంధ్రానికి మూతగా బెండు బిరడా వాడండి. చుట్టూ కొళాయి పనివాళ్ళ టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుడితే బిగుతుగా కూర్చుంటుంది. రబ్బరు బిరడా నూనెతో పరవాలేదు కానీ, తర్వాత చెప్పబోయే టర్పెంటైన్‌లో ఉబ్బుతుంది.

పెట్టెకు అంతే పొడవున్న చెక్క పలక కావాలి. నిండిన పెట్టె నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది. చేతులతో రెండు కొసలూ పట్టుకుని వంచితే గాజు అతుకులు విడిపోవచ్చు. పలక మధ్యలో అడ్డంగా ఒక ఇటుక ఉంచండి. ఇటుక పడుకోబెడితే పలక ఒక కొస నేలకు ఆనినప్పుడు వంపు దాదాపు 7 డిగ్రీలు. ఇటుకను సన్నపు అంచు మీద నిలబెడితే 10 డిగ్రీలు. ఈ రెండు వంపులూ మనకు చాలు. పెట్టెను పలకకు రెండు చోట్ల పాత సైకిలు ట్యూబు ముక్కలతో కట్టండి. పలక కొస ఆనే చోట మడతపెట్టిన తువ్వాలు వేయండి. అది లేకపోతే ఆ చప్పుడుకే సరిహద్దు అదిరి, మీరు చూసే అల వంపు వల్ల వచ్చిందో దెబ్బ వల్ల వచ్చిందో తెలియదు.

ఉప్పునీళ్ళు, నూనె

పెట్టెలో 1800 మిల్లీలీటర్లు పడతాయి. సగం 900.

మామూలు నీళ్ళతో వంటనూనె పోస్తే బరువుల తేడా చాలా తక్కువ, నూనె చిక్కదనం చాలా ఎక్కువ. వంచినా పొరలు బద్ధకంగా జారతాయి, చూడటానికి ఏమీ ఉండదు. నేను మొదట ఒక ఆదివారమంతా ఇలాగే పోగొట్టుకున్నాను. నీళ్ళలో ఉప్పు వేయండి. 825 మిల్లీలీటర్ల నీళ్ళలో 205 గ్రాముల రాళ్ళ ఉప్పు, మా వైపు దొడ్డుప్పు అంటారు. కరిగాక దాదాపు 900 మిల్లీలీటర్లు అవుతుంది. సాంద్రత 1.15 దగ్గరకు వస్తుంది. 100 మిల్లీలీటర్లు కొలిచి వంటింటి తూకం మీద పెడితే 115 గ్రాములు చూపాలి.

రాళ్ళ ఉప్పులో మట్టి ఉంటుంది. కరిగించాక రెండు పొరల నూలు గుడ్డలో వడకట్టండి. ఇది శుభ్రత పిచ్చి అనుకోకండి. ఆ మట్టి సరిగ్గా నూనెకూ నీళ్ళకూ మధ్య సరిహద్దులోనే చేరి చాపలా పరచుకుంటుంది. అప్పుడు మీరు చూసేది ద్రవం స్వభావం కాదు, మట్టి స్వభావం. నీళ్ళకు రంగు కావాలంటే నీలం సిరా నాలుగు చుక్కలు. పసుపు వద్దు. పసుపు రంగు నూనెలోకే పోతుంది.

నూనె పొద్దుతిరుగుడుదైనా వేరుశనగదైనా సరే. కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. డిసెంబరు ఉదయాన వరంగల్‌లో మీ ప్రయోగం మొత్తం ఒక తెల్లటి కడ్డీగా మిగులుతుంది. వంటనూనెను గోరువెచ్చగా, చేయి పెట్టగలిగేంత వేడిగా చేస్తే చిక్కదనం సగానికి దగ్గరగా తగ్గుతుంది. అలలు బాగా కనిపించాలంటే ఈ చిన్న పని చేయండి.

నింపడం

మొత్తం పనిలో ఓపిక కావలసింది ఇక్కడే. తొందరపడితే ఆ రోజంతా పోయినట్టే.

ఖాళీ పెట్టెను ముందు సబ్బు లేకుండా వేడినీళ్ళతో కడగండి. సబ్బు ఎందుకు వద్దో తర్వాత చెబుతాను. రంధ్రం ఉన్న కొసను నాలుగు వేళ్ళ ఎత్తు లేపి పెట్టండి. గరాటుకు సన్న గొట్టం తగిలించి, గొట్టం కొస పెట్టె అడుగున ఆనించి ఉప్పునీళ్ళు మొత్తం పోయండి. ముందు నీళ్ళే పోయాలి. గాజును నీళ్ళు ముందు తడిపితే నూనె గోడలకు అంతగా అంటుకోదు. వరస తప్పితే గాజు మీద మచ్చలు మచ్చలుగా నూనె నిలిచి ఫోటోలన్నీ పాడవుతాయి.

తర్వాత నూనె. గొట్టం కొసను నీటి తలానికి పైన, గోడకు ఆనించి, సన్నని ధారగా వదలండి. ధార నీటిలోకి దూకితే వేల బుడగలు పుడతాయి, అవి కలిసిపోవడానికి గంట పడుతుంది. నిండబోయే ముందు రంధ్రం ఉన్న కొసను ఇంకొంచెం లేపి, పలకను వేలితో మెల్లగా తట్టండి. గాలి బుడగలు పై పలక వెంట పాకుతూ రంధ్రం దగ్గరకు వస్తాయి. చివరి బుడగ బయటికి వచ్చేదాకా నూనె చుక్కచుక్కగా పోస్తూనే ఉండండి. శనగగింజంత గాలి మిగిలినా అది మూడో పొర. వంచగానే ఎలుకలా పై పలక వెంట పరిగెత్తి, వెనక ఒక గీత గీసుకుంటూ పోతుంది. మీ అలలను అదే చెరిపేస్తుంది.

బిరడా బిగించండి. నిండా మూసిన పెట్టెను ఎండలో వదలకండి. నూనె వేడికి వ్యాకోచిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే 900 మిల్లీలీటర్ల నూనె ఆరేడు మిల్లీలీటర్లు పెరుగుతుంది. దానికి చోటు లేదు. అదృష్టం బాగుంటే బిరడా ఎగురుతుంది.

ఇప్పుడు పలకను మట్టంగా ఉంచి, కిందికి పోయే కొసను రెండు పుస్తకాల మీద ఆనించి, ఇరవై నిమిషాలు ముట్టుకోకండి. టీ తాగి రండి.

వంచడం

ఫోనును పెట్టె మధ్య భాగానికి ఎదురుగా, సరిహద్దు ఎత్తులో నిలబెట్టండి. కింద గాజు వెంట సెంటీమీటర్ల స్కేలు అతికించండి. పెట్టె వెనక తెల్ల కాగితం, దాని వెనక దీపం. వీడియో నెమ్మది చలనంలో తీయండి. చూడవలసినదంతా మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది.

పుస్తకాలు తీసి, కొసను ఒక చేత్తో పట్టుకుని తువ్వాలు మీదికి దించండి. ధడాలున కాదు, నెమ్మదిగానూ కాదు. నోటితో "ఒకటి" అనేంతలో కొస ఆనాలి.

మొదటి సెకనులో సరిహద్దు పెట్టెతో పాటే ఒరిగి, గీత గీసినట్టు ఉంటుంది. కింద నీలం ఒకవైపు, పైన పసుపు ఎదురువైపు జారుతుంటాయి. నూనెలో ఏదో నలక ఉంటే దాన్ని చూడండి, వేగం పెరుగుతూ పోతుంది. రెండు కొసల దగ్గర నుంచి ఒక్కొక్క ఎత్తైన మడత మధ్యకు నడిచి వస్తుంటుంది. అది కొసల్లో ద్రవం పోగుపడటం వల్ల వచ్చేది. మన అల అది కాదు. అది మధ్యకు చేరేలోగా, గీతలా ఉన్న మధ్య భాగమంతా ఒక్కసారి వణికినట్టయి, అంగుళానికొకటి చొప్పున గుబ్బలు లేస్తాయి. రెండు పొరలూ ఎదురెదురుగా పారుతున్నాయి కాబట్టి ఆ గుబ్బలు ఎటూ నడవవు. ఉన్నచోటే నిలబడి పెరుగుతాయి. ఈ ప్రయోగంలో నాకు ఇప్పటికీ కొత్తగా కనిపించేది అదే. నడవని అల.

వంటనూనెతో అవి గుండ్రంగా, బద్ధకంగా ఉంటాయి. 7 డిగ్రీల వంపుకు కొన్నిసార్లు అసలు రావు. 10 డిగ్రీలకు ఇటుక తిప్పండి. అప్పటికీ రాకపోతే నూనె చల్లారి ఉంటుంది.

ఎందుకు అంగుళమే?

సరిహద్దులో ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి ఉబ్బు ఉందనుకోండి. ఉబ్బు మీదుగా పోయే నూనెకు దారి ఇరుకు. ఇరుకైన చోట వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. తగ్గిన పీడనం ఉబ్బును ఇంకా పైకి పీలుస్తుంది. వదిలేస్తే అది పెరుగుతూనే ఉండాలి.

వదలని వాళ్ళు ఇద్దరున్నారు. పొడవాటి ఉబ్బులను బరువు కిందికి నొక్కుతుంది. పొట్టి ఉబ్బులను తలతన్యత, అంటే సరిహద్దును బిగించిన రబ్బరు పొరలా పట్టి ఉంచే బలం, సాగదీసి చదును చేస్తుంది. పొట్టివాటి మీద బరువుకు పట్టు తక్కువ, పొడవువాటి మీద తలతన్యతకు పట్టు తక్కువ. ఇద్దరి కాపలాకూ మధ్యలో ఒక సందు ఉంటుంది. ఆ సందు పొడవు ఎంతో లెక్క చెప్పేస్తుంది: తలతన్యతను గురుత్వ త్వరణంతోనూ సాంద్రతల తేడాతోనూ భాగించి, వర్గమూలం తీసి, 6.28తో గుణించండి. వంటనూనె, నీళ్ళ వంటి జంటలకు అది రెండు నుంచి మూడున్నర సెంటీమీటర్ల మధ్య పడుతుంది. వేగం హద్దు దాటగానే ముందు లేచే అల ఆ పొడవుది.

దీన్ని తిరగేస్తే మీ స్కేలే ఒక కొలత పరికరం. వీడియోలో పది గుబ్బల పొడవు కొలిచి పదితో భాగించండి. దాని నుంచి తలతన్యత ఎంతో లెక్కించవచ్చు. సాంద్రతల తేడా 0.22, అల పొడవు 2.7 సెంటీమీటర్లు అయితే తలతన్యత మీటరుకు 0.04 న్యూటన్లు వస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. వంచిన పెట్టెలో వేగం హద్దు దగ్గర ఆగదు, పెరుగుతూనే ఉంటుంది. అల కంటికి కనిపించేసరికి హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. అందువల్ల కనిపించే అలలు లెక్క కంటే కొంచెం పొట్టిగా ఉంటాయి, మీ తలతన్యత అసలు కంటే తక్కువగా తేలుతుంది. వంపు తగ్గించిన కొద్దీ ఈ తప్పు తగ్గుతుంది.

ఈ లెక్క అన్నిచోట్లా నెగ్గదని కూడా చెప్పాలి. గాలినీ నీళ్ళనూ రెండు పొరలుగా తీసుకుంటే, గాలి వేగం సెకనుకు ఆరున్నర మీటర్లు దాటేదాకా నీటి మీద అల పుట్టకూడదు. అది గంటకు 23 కిలోమీటర్ల పైమాట. బతుకమ్మలు వదిలే సాయంత్రం పద్మాక్షి గుట్ట కింద చెరువు గట్టున నిలబడి చూడండి. జెండా కూడా ఎగరని పిల్లగాలికే నీళ్ళ మీద ముడతలు పరిగెత్తుతాయి, పూలదొంతరలు మెల్లగా ఊగుతాయి. కెల్విన్‌కూ ఈ తేడా తెలుసు. అసలు గాలి పొరలో వేగం ఒక్కసారిగా మారదు, నీటి దగ్గర తక్కువగా ఉండి పైకి పోయిన కొద్దీ పెరుగుతుంది. దానిలో సుడులూ ఉంటాయి. ఈ రెంటినీ లెక్కలోకి తెచ్చి మైల్స్ ఒకవైపు, ఫిలిప్స్ మరోవైపు 1957లో వివరణలు ఇచ్చారు. చెరువు మీద ఓడిన లెక్క మన పెట్టెలో బాగానే నిలబడుతుంది. ఇక్కడ రెండు ద్రవాల సాంద్రతలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, రెండూ నిశ్చలంగా మొదలయ్యాయి.

టర్పెంటైన్‌తో: పెద్దవాళ్ళు మాత్రమే

అలలు సూదిగా లేచి, తలలు తెగి, చినుకులుగా రాలడం చూడాలంటే పలచని ద్రవం కావాలి. ఒకప్పుడు కిరోసిన్ అనేవాళ్ళం. ఇప్పుడు అది దొరకడం కష్టం. రంగుల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్ దానికి దగ్గరి చుట్టం. సాంద్రత 0.78 ప్రాంతం, దాదాపు నీళ్ళంత పలచన. దీనితో ఉప్పు అవసరం లేదు, మంచినీళ్ళు చాలు.

ఇది మండుతుంది. దాదాపు 40 డిగ్రీల దగ్గర దీని ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలదు. వరంగల్‌లో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం నీడలోనే ఆ వేడి ఉంటుంది. కాబట్టి వేసవిలో ఈ భాగం చేయనే వద్దు. చలికాలంలో, కిటికీలు తెరిచిన గదిలో, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా చేయండి. పిల్లలు చూడవచ్చు, పోయకూడదు. సిలికాన్ అతుకులు దీనిలో నానితే మెత్తబడతాయి. పూట గడవక ముందే ఖాళీ చేయండి.

ఈ జంటకు హద్దు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగం తేడా. 7 డిగ్రీల వంపులో అర సెకను దాటి కొంచెంసేపటికి, 10 డిగ్రీల వంపులో దాదాపు అర సెకనుకే ఆ వేగం వచ్చేస్తుంది. ఇటుక పడుకోబెట్టే మొదలుపెట్టండి. గుబ్బలు లేవడం, కొనలు సాగి దారంలా మారడం, ఆ దారం ముత్యాలుగా తెగడం వీడియోలో ఒక్కొక్క చిత్రంగా ఆపి చూడండి.

తర్వాత పాత్రలు తోమే ద్రవపు సబ్బు ఒక్క చుక్క నీళ్ళలో కలిపి మళ్ళీ చేయండి. సబ్బు తలతన్యతను పడగొడుతుంది. తలతన్యత నాలుగో వంతుకు తగ్గితే అల పొడవు సగమవుతుంది, హద్దు వేగం మూడోవంతు మేరకు తగ్గుతుంది. పొట్టి అలల కాపలావాడికి మత్తుమందు పెట్టినట్టు. అలలు చిన్నవిగా, వత్తుగా, తొందరగా వస్తాయి. అయితే చినుకులు మాత్రం గంటల తరబడి కలవవు. అందుకే సబ్బు అన్నిటికంటే చివర. ముందు కడిగేటప్పుడు వాడవద్దన్నదీ ఇందుకే. గాజుకు అంటిన కొంచెం సబ్బైనా లెక్కలన్నీ తారుమారు చేస్తుంది.

ఆముదంతో చేస్తే ఏమవుతుందని ఒక విద్యార్థిని అడిగింది. చేసి చూశాం. అలలు రాలేదు. సరిహద్దు మెల్లగా వాలి, నీటి మట్టానికి వచ్చి నిలబడింది. చిక్కదనం అంతా మింగేసింది. అలాగని చిక్కదనం ఎప్పుడూ శాంతిదూత కాదు. రెండు పొరల చిక్కదనాలు వేరైతే చాలు, ఎంత నెమ్మది ప్రవాహంలోనైనా పొడవాటి అలలు పెరగగలవని 1967లో యీ అనే శాస్త్రవేత్త గణితంతో చూపించాడు. మన నాలుగడుగుల పెట్టెలో వాటికి పెరిగే చోటూ లేదు, వ్యవధీ లేదు. పొడవాటి గొట్టాల్లో చిక్కటి ముడి చమురును చుట్టూ నీటి పొర వేసి తోసేవాళ్ళకు మాత్రం ఇది రోజువారీ బెడద. ఆ పద్ధతికి అమెరికాలో 1904లోనే పేటెంటు తీసుకున్నారు.

తలకిందులు

పెట్టెను వంచడం అయ్యాక ఒక్కసారి పక్కకు తిప్పి పూర్తిగా బోర్లించండి. ఇప్పుడు బరువైనది పైన. కాపలా కాసిన బరువు ఇప్పుడు పూర్తిగా అవతలి పక్షం. తలతన్యత ఒక్కటే మిగిలింది, అది పొట్టి ఉబ్బులను మాత్రమే ఆపగలదు. ఆపగలిగిన హద్దు సరిగ్గా ఇందాకటి అంగుళమే. అంతకంటే పొడవైన ప్రతి ఉబ్బూ వేళ్ళలా కిందికి దిగుతుంది. దీన్ని 1883లో రేలీ లెక్కించాడు, 1950లో టేలర్ మళ్ళీ ఎత్తుకున్నాడు.

పెట్టె చేయించే తీరిక లేనివాళ్ళు ఈ ఒక్క సంగతినైనా వంటింట్లో చూడవచ్చు. గ్లాసు నిండా నీళ్ళు పోసి, తడిపిన పలచని నూలు గుడ్డను మూతి మీద బిగుతుగా కట్టి, అరచేయి అడ్డుపెట్టి బోర్లించి, చేయి తీసేయండి. నీళ్ళు ఆగుతాయి. గ్లాసు మూతి అంగుళాల వెడల్పు, కానీ గుడ్డ రంధ్రాలు వెంట్రుకంత. నీళ్ళకూ గాలికీ మధ్య ఉబ్బు పెరగాలంటే దాదాపు 1.7 సెంటీమీటర్ల జాగా కావాలి. అంత జాగా ఏ రంధ్రంలోనూ లేదు. కింద బకెట్టు పెట్టుకునే చేయండి. గుడ్డ ఒక మూల వదులైతే నీళ్ళు ఆ మూలనే వెతుక్కుంటాయి.

సర్దడం

వంటనూనె పోసిన పెట్టెను ఖాళీ చేసేటప్పుడు ముందు ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పొరలు శుభ్రంగా విడిపోయాక, అడుగు దాకా సన్న గొట్టం దించి ఉప్పునీళ్ళు ముందు లాగేయండి. నోటితో పీల్చవద్దు, సిరంజి వాడండి. ఉప్పునీళ్ళు మొక్కలకు పోయకండి. వంటనూనెను సీసాలో దాచుకుంటే మరో పదిసార్లు పనికొస్తుంది. వంటకు కాదు, దీపానికీ కాదు. అందులో మిగిలిన ఉప్పునీటి చుక్కలకు వత్తి చిటపటలాడి నూనె చిందుతుంది. టర్పెంటైన్‌ను మాత్రం మోరీలో పోయకండి, సబ్బు కలిపిందైనా సరే. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, మీ వీధిలో ఇళ్ళకు రంగులు వేసే అతనికి ఇవ్వండి. బ్రష్షులు కడుక్కుంటాడు.